ఆ ఆరు నీటి అణువులను కొట్టివేయకండి

మీ సైన్సు పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ పాఠం ఒకసారి తెరిచి చూడండి. అందులో ఒక సమీకరణం ఉంటుంది. కొన్ని పుస్తకాలలో అది ఇలా ఉంటుంది: 6 అణువుల కార్బన్ డయాక్సైడు, 6 అణువుల నీరు కలిసి, కాంతి సహాయంతో, 1 అణువు గ్లూకోజు, 6 అణువుల ఆక్సిజన్ ఏర్పడతాయి. మరికొన్ని పుస్తకాలలో ఎడమవైపున నీరు 6 కాదు, 12 అణువులు. అయితే బాణం గుర్తుకు కుడివైపున గ్లూకోజు, ఆక్సిజన్‌లతోపాటు మళ్ళీ 6 అణువుల నీరు కనిపిస్తుంది.

నాకు తెలిసిన ఒక పదో తరగతి అమ్మాయి ఈ రెండో సమీకరణాన్ని చూసి, లెక్కల మాస్టారు నేర్పినట్టే, రెండువైపులా ఉన్న ఆరేసి నీటి అణువులను కొట్టివేసింది. ఎడమవైపు 6 మిగిలింది. కుడివైపు నీరు లేదు. సమీకరణం చక్కగా తూగింది కూడా. పరీక్షలో అలాగే రాసింది. పేపరు మీద ఎర్రసిరా గీత పడింది. "రెండూ ఒకటే కదా సార్?" అని అడిగితే, "పుస్తకంలో ఎలా ఉంటే అలా రాయమ్మా" అని సమాధానం వచ్చిందట.

ఆ అమ్మాయి వేసిన ప్రశ్న మంచిది. ఆమెకు వచ్చిన జవాబు మాత్రం జవాబే కాదు. పన్నెండు నీళ్ళు లోపలికి పంపి, ఆరు నీళ్ళు బయటికి తీసుకోవడంలో ఒక పెద్ద విషయం దాగి ఉన్నది. దానిని మనుషులు తెలుసుకున్నది ఆకుల నుంచి కాదు, పువ్వుల నుంచి కాదు. కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే బురదలో బతికే ఊదారంగు, ఆకుపచ్చరంగు బాక్టీరియాల నుంచి! ఈ బాక్టీరియాల కథను కిరణజన్య సంయోగక్రియ పాఠం చివర చిన్న అక్షరాలలో కాకుండా, పాఠం మధ్యలోనే చెప్పాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

1880 ప్రాంతాలలో హాలెండు దేశంలోని యూట్రెక్ట్ నగరంలో థియోడర్ ఎంగెల్‌మాన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. ఒక సన్నని నాచుపోగు పక్కన వెలువడే రవ్వంత ఆక్సిజన్‌ను పసిగట్టాలని ఆయన కోరిక. అందుకు తగిన యంత్రం ఆ రోజుల్లో లేదు. యంత్రం లేకపోతేనేం, ప్రాణం ఉన్న సాధనం దొరికింది. ఆక్సిజన్ ఎక్కడ ఉంటే అక్కడికి ఈదుకుంటూ పోయే బాక్టీరియాలు కొన్ని ఉన్నాయి. వాటిని నాచుపోగు ఉన్న నీటిబొట్టులోనే వదిలి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. 1882లో ఒక పట్టకంతో కాంతిని విడదీసి, ఏడురంగుల వర్ణపటాన్ని క్లాడోఫోరా అనే నాచుపోగు మీద పడేట్టు చేశాడు. బాక్టీరియాలు ఎర్రకాంతి పడిన చోట, నీలికాంతి పడిన చోట బెల్లం చుట్టూ చీమల్లా మూగాయి. ఆకుపచ్చ కాంతి పడిన చోట పలచగా ఉన్నాయి. ఏ రంగు కాంతి మొక్కకు పనికివస్తుందో ఆ బాక్టీరియాలే బారులు తీరి రాసి చూపించాయన్నమాట. ఇంత సొగసైన ప్రయోగం జీవశాస్త్రంలో మరొకటి చూపించమంటే నేను చాలాసేపు ఆలోచించవలసి వస్తుంది.

ఇదే ఎంగెల్‌మాన్‌కు మరో రకం బాక్టీరియా తటస్థపడింది. దానికి రంగు ఉంది, ఊదారంగు. దానికి కాంతి అంటే ప్రీతి. నీటిబొట్టులో ఒకచోట మాత్రమే వెలుగు చుక్క పడేట్టు చేస్తే, ఈదుతూ ఈదుతూ ఆ వెలుగులోకి మామూలుగానే వచ్చేది. వెలుగు అంచు దాటి చీకటిలోకి పోబోయేటప్పుడు మాత్రం ఉలిక్కిపడినట్టు ఆగి, చటుక్కున వెనక్కి తిరిగేది. లోపలికి రావడానికి అడ్డు లేదు, బయటికి పోవడానికి లేదు. కాసేపటికి వెలుగు చుక్క నిండా ఇవే! 1883లో ఎంగెల్‌మాన్ దీనికి బాక్టీరియం ఫొటోమెట్రికం అని పేరు పెట్టాడు. వర్ణపటం మీద పెడితే ఇవి అన్నిటికంటే ఎక్కువగా ఎక్కడ గుమిగూడాయో తెలుసా? ఎరుపు దాటిన తరువాత, మన కంటికి చీకటిగా కనిపించే పరారుణ భాగంలో. మనకు కనిపించని కాంతిని అవి వాడుకుంటున్నాయి.

కాంతి కావాలి, కాంతిని పీల్చుకొనే రంగు పదార్థం ఉంది. కనుక ఇవి కూడా మొక్కల మాదిరిగానే ఆహారం తయారు చేసుకుంటున్నాయని ఎంగెల్‌మాన్ 1888లో ప్రకటించాడు. అది నిజం. కానీ అంతటితో ఊరుకోలేదు. ఇవి ఆక్సిజన్‌ను కూడా విడుదల చేస్తున్నాయని, తాను చూశానని అన్నాడు. అది నిజం కాదు. ఊదా బాక్టీరియాలు ఆక్సిజన్‌ను విడుదల చేయవు.

అంత నిపుణుడు లేనిదాన్ని ఎలా చూశాడు? కిరణజన్య సంయోగక్రియ అంటే ఆక్సిజన్ వచ్చే చర్య అని ఆయన మనసులో ముందే ఒక నిర్వచనం ఉంది. మొదటి సగం కనిపించగానే రెండో సగం కూడా ఉండి తీరాలనుకున్నాడు. నేను ఆయనను తప్పుపట్టడం లేదు సుమా! మీరు, నేను ఆయన స్థానంలో ఉంటే అంతకంటే బాగా చూసి ఉండేవాళ్ళం కాదు.

ఆ రోజుల్లోనే స్ట్రాస్‌బర్గ్‌లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు గంధకపు ఊటలలో పెరిగే బాక్టీరియాలను పరిశీలిస్తున్నాడు. బెజియటోవా అనే తెల్లని దారాల వంటి బాక్టీరియా ఒంట్లో గంధకం గుళికలు ఉంటాయి. నీటిలో హైడ్రోజన్ సల్ఫైడు ఉన్నంతకాలం గుళికలు పెరుగుతాయి, లేకపోతే తరిగిపోతాయి. అంటే ఆ దుర్వాసన వాయువు వాటికి విషం కాదు, ఇంధనం. ఊదారంగు గంధక బాక్టీరియాలకు కూడా ఆ వాయువు అవసరమని ఆయన చూపించాడు. ఇది ఎంత విలువైన సంగతో అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు.

1907లో ప్రేగ్ నగరంలో హాన్స్ మోలిష్ రంగంలోకి వచ్చాడు. (ఈయన తరువాత 1928లో మన దేశానికి వచ్చి, కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ నెలకొల్పిన సంస్థలో కొన్ని నెలలు ఉన్నాడు.) మోలిష్ కొన్ని రకాల ఊదా బాక్టీరియాలను విడివిడిగా, మరే సూక్ష్మజీవీ కలవకుండా పెంచగలిగాడు. ఎంత వెతికినా ఆక్సిజన్ జాడ లేదు. ఆయన పెంచిన రకాలు కుళ్ళిన సేంద్రియ పదార్థాలు ఉంటే వెలుగులో బాగా పెరిగాయి. ఆక్సిజన్ రావడం లేదు కనుక ఇది కిరణజన్య సంయోగక్రియ కాదు, ఇవి కాంతి సహాయంతో సేంద్రియ పదార్థాలను తినే జీవులు మాత్రమే అని ఆయన తేల్చాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎంగెల్‌మాన్ ఆక్సిజన్ వస్తుందన్నాడు, అది తప్పు. కిరణజన్య సంయోగక్రియే అన్నాడు, అది ఒప్పు. మోలిష్ ఆక్సిజన్ రాదన్నాడు, అది ఒప్పు. కిరణజన్య సంయోగక్రియ కాదన్నాడు, అది తప్పు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురు నిలిచినట్టు కనిపిస్తారు గానీ, ఇద్దరి చేతిలోనూ ఉన్న కొలబద్ద ఒక్కటే: "ఆక్సిజన్ వస్తేనే కిరణజన్య సంయోగక్రియ." ఆ కొలబద్దే పొట్టిదని ఇద్దరికీ తట్టలేదు. దానితో కొలిచి ఒకాయన లేని ఆక్సిజన్‌ను కనుగొన్నాడు. మరొకాయన ఉన్న క్రియను లేదన్నాడు. మీ పరీక్షలలో "నిర్వచించుము" అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు వీళ్ళిద్దరూ గుర్తుకు వస్తారు.

1919లో యోహానెస్ బుడెర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఊదా గంధక బాక్టీరియాల విషయంలో ముడి కొంత విప్పాడు. కాంతి శక్తితోనే అవి కార్బన్ డయాక్సైడును వాడుకుంటున్నాయని, హైడ్రోజన్ సల్ఫైడు అందుకు తోడ్పడుతున్నదని సూచించాడు. పూర్తిగా విప్పిన వాడు కార్నెలిస్ వాన్ నీల్.

వాన్ నీల్ 1897లో హాలెండులో పుట్టాడు. డెల్ఫ్ట్ నగరంలో క్లూయ్‌వర్ అనే గొప్ప ఆచార్యుని దగ్గర చదువుకున్నాడు. జీవులు ఎన్ని రకాలైనా వాటిలో జరిగే రసాయన చర్యలన్నిటిలో ఒకే పోలిక ఉంటుందని, ఒక పదార్థం నుంచి మరొక పదార్థానికి హైడ్రోజన్ చేతులు మారడమే అందులో ముఖ్యమని క్లూయ్‌వర్ చెప్పేవాడు. ఆ మాట శిష్యుని మనసులో నాటుకున్నది. తరువాత అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలో పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉన్న హాప్కిన్స్ సముద్ర పరిశోధన కేంద్రంలో చేరాడు. అక్కడ ఆయన పని చూడడానికి చాలా సాదాగా ఉండేది. గాజు సీసాలలో లవణాలు కలిపిన నీరు, కార్బన్ డయాక్సైడుకు ఆధారంగా బైకార్బొనేటు, కొద్దిగా సల్ఫైడు. సీసాను అంచుదాకా నింపి, గాలి లేకుండా బిరడా బిగించి, వెలుగులో ఉంచడం. తిండికి సేంద్రియ పదార్థమేదీ లేదు. అయినా బాక్టీరియాలు పెరిగాయి. చీకటిలో ఉంచితే పెరగలేదు. కనుక మోలిష్ చెప్పిన మాట వీటికి వర్తించదు.

ఆ తరువాత ఆయన లెక్క పెట్టాడు. ఎంత సల్ఫైడు ఖర్చయింది, ఎంత కార్బన్ డయాక్సైడు ఖర్చయింది అని కొలిచి చూశాడు. ఆకుపచ్చ గంధక బాక్టీరియాల విషయంలో లెక్క తేటగా తేలింది. 1 అణువు కార్బన్ డయాక్సైడుకు 2 అణువుల హైడ్రోజన్ సల్ఫైడు ఖర్చవుతున్నది. పిండిపదార్థం, 1 అణువు నీరు, 2 పరమాణువుల గంధకం వస్తున్నాయి. ఊదా బాక్టీరియాలు గంధకం దగ్గర ఆగకుండా దానిని సల్ఫేటుదాకా తీసుకుపోతాయి. వాటి లెక్క కూడా సరిపోయింది.

ఇప్పుడు మీరు వాన్ నీల్ బల్ల ముందు కూర్చున్నారనుకోండి. హైడ్రోజన్ సల్ఫైడులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక గంధకం పరమాణువు ఉన్నాయి. బాక్టీరియా హైడ్రోజన్‌ను తీసుకొని, గంధకాన్ని పారవేసింది. నీటిలో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉన్నాయి. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ కింద గడిలో ఉన్న మూలకం ఏదో చూడండి. గంధకం! ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్ళు. బాక్టీరియా గంధకాన్ని పారవేసినట్టే, మొక్క ఆక్సిజన్‌ను పారవేస్తున్నదా?

వాన్ నీల్ 1931లో ప్రచురించిన వ్యాసంలో అవుననే అన్నాడు. కార్బన్ డయాక్సైడు, 2 హెచ్2ఏ కలిసి, కాంతిలో, పిండిపదార్థం, నీరు, 2ఏ ఏర్పడతాయని రాశాడు. ఇందులో హెచ్ అంటే హైడ్రోజన్, ఏ అంటే ఏదైనా కావచ్చు. గంధక బాక్టీరియాకు అది గంధకం. మొక్కకు అది ఆక్సిజన్. అంతవరకు ఎక్కువమంది శాస్త్రజ్ఞులు మొక్కలు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడును విడగొట్టగా వచ్చినదే అనుకొనేవారు. అది నీటి నుంచి వస్తున్నదని ఒక్క ఆకునైనా కోయకుండా, బురద సీసాలను చూసి చెప్పడం సామాన్యమైన విషయమా?

చెప్పడం వేరు, రుజువు కావడం వేరు. 1937లో ఇంగ్లండులో రాబిన్ హిల్, ఆకుల నుంచి వేరుచేసిన హరితరేణువులు తగిన ఇనుప లవణం ఉంటే కార్బన్ డయాక్సైడు లేకుండానే ఆక్సిజన్‌ను వదులుతాయని కనుగొన్నాడు. 1941లో అమెరికాలో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వారి సహచరులు ఆక్సిజన్ 18 అనే బరువైన ఆక్సిజన్‌ను ఉపయోగించారు. మామూలు ఆక్సిజన్‌కూ దానికీ బరువులోనే తేడా. క్లోరెల్లా అనే నాచుకు ఒకసారి బరువైన ఆక్సిజన్ కలిసిన నీరు ఇచ్చారు, ఇంకొకసారి దానిని కార్బన్ డయాక్సైడు వైపు చేర్చారు. వెలువడిన వాయువులో బరువైన ఆక్సిజన్ పాలు నీటిలో ఉన్న పాలుతోనే సరిపోయింది.

ఇప్పుడు మన పదో తరగతి అమ్మాయి లెక్కకు వద్దాం. ఆమె మిగిల్చిన 6 అణువుల నీటిలో ఆక్సిజన్ పరమాణువులు ఎన్ని? ఆరు. బయటికి వచ్చే 6 అణువుల ఆక్సిజన్ వాయువులో పరమాణువులు ఎన్ని? పన్నెండు. వెలువడే ఆక్సిజన్ అంతా నీటి నుంచే రావాలంటే, ఆరు పరమాణువులలో నుంచి పన్నెండు ఎలా వస్తాయి? రావు. అందుకే 12 అణువుల నీరు కావాలి. మరి కార్బన్ డయాక్సైడులోని 12 ఆక్సిజన్ పరమాణువులు ఏమైనట్టు? ఆరు గ్లూకోజులో చేరాయి. మిగిలిన ఆరూ హైడ్రోజన్‌తో కలిసి కొత్త నీరు అయ్యాయి. కుడివైపున ఉన్న 6 అణువుల నీరు ఎడమవైపు నుంచి మిగిలిపోయిన నీరు కాదు, కొత్తగా పుట్టిన నీరు. లెక్కల్లో ఇటు ఆరు, అటు ఆరు ఒకటే. ఇక్కడ ఒకటి కాదు. ఆమె కొట్టివేసినది సంఖ్యను కాదు, యాభై ఏళ్ళకు పైగా నడిచిన ఒక వాదాన్ని!

ఈ మాట ఆ అమ్మాయికి రెండు నిమిషాలలో చెప్పవచ్చు. చెప్పడానికి సిలబస్ పెద్దదని, పిల్లలకు పాఠం బరువవుతుందని కొందరు ఉపాధ్యాయులు అంటారు. వారి ఇబ్బంది నిజమైనదే. నలభై అయిదు నిమిషాల పీరియడులో అన్నీ చెప్పలేరు. కానీ కారణం తెలియకుండా మోసే పన్నెండు నీళ్ళ బరువు కంటే, కారణం తెలిసిన బరువు తేలిక అని నేను అనుకుంటాను. పాఠంలో శాస్త్రజ్ఞుల విజయాల పక్కన ఎంగెల్‌మాన్ చేసిన పొరపాటును కూడా అచ్చువేయాలి. 1882 ప్రయోగాన్ని చెప్పి 1888 ప్రకటనను దాచిపెడితే, శాస్త్రజ్ఞులు ఎప్పుడూ తప్పు చూడరని పిల్లలు అనుకుంటారు. వాన్ నీల్ కూడా మినహాయింపు కాదు. బాక్టీరియాలలో సైతం కాంతి మొదట నీటినే చీలుస్తుందని ఆయన ఊహించాడు. ఆ ఊహ నిలవలేదు.

"ఆకుపచ్చని మొక్కలు ఆక్సిజన్‌ను విడుదల చేస్తూ ఆహారం తయారు చేసుకోవడం" అనే నిర్వచనం మొక్కలకు సరిపోతుంది, కాదనను. కానీ అదొక్కటే రాయిస్తే మీరు కూడా మోలిష్ పక్కనే నిలబడతారు. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 1975లో ఒక చిత్రమైన జీవిని వర్ణించారు. సీనాయ్ తీరంలో సోలార్ లేక్ అనే ఉప్పు మడుగులో ఆసిలటోరియా అనే నీలి ఆకుపచ్చ జీవి ఉంది. అది మామూలుగా మొక్కలలాగా నీటిని చీల్చి ఆక్సిజన్‌ను వదులుతుంది. హైడ్రోజన్ సల్ఫైడు బాగా దొరికితే, ఆ పని మానుకొని సల్ఫైడును వాడుకుంటుంది. గంధకాన్ని పారవేస్తుంది. దానిని మన నిర్వచనంలో ఏ గడిలో పెడతారు? పొద్దున ఒక గడిలో, సాయంత్రం ఇంకొక గడిలోనా?

నీటిని చీల్చడం కష్టమైన పని. హైడ్రోజన్ సల్ఫైడును చీల్చడం దానికంటే తేలిక. భూమి మీద గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగినంత చేరింది దాదాపు 240 కోట్ల సంవత్సరాల క్రితం, నీటిని చీల్చడం నేర్చిన నీలి ఆకుపచ్చ బాక్టీరియాల వల్ల. ఆక్సిజన్ వదలని పద్ధతి అంతకంటే పాతదని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అలాగైతే మొక్కల పద్ధతే కొత్తది, బురద బాక్టీరియాలది అసలు పాత వాడుక. కాంతిని పట్టే యంత్రం లోపల ఎలా ఉంటుందో పరమాణువుల స్థాయిలో మొదట కనిపించింది కూడా ఒక ఊదా బాక్టీరియాలోనే. డైసెన్‌హోఫర్, హ్యూబర్, మిషెల్ అనే ముగ్గురు జర్మన్ శాస్త్రజ్ఞులకు ఆ పనికే 1988లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇవి ఎక్కడో పరాయి దేశాల జీవులనుకోకండి. 2007లో వర్ణించిన ఊదా బాక్టీరియాలలో ఒకదాని పేరు థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, ఒకదాని పేరు మరిక్రొమేషియం భీమ్లికం, మరొకదాని పేరు రోడోవులం విశాఖపట్నమెన్స్. పేర్ల చివర ఏ ఊళ్ళున్నాయో మీకు వేరే చెప్పాలా?

మీరు కూడా వీటిని పెంచవచ్చు. వినోగ్రాడ్‌స్కీ పద్ధతే ఇది. చెరువు అడుగు బురద తెచ్చి, అందులో చింపిన పాత వార్తాపత్రిక ముక్కలు, జిప్సంతో చేసిన సుద్దముక్కల పొడి, ఉడికించిన గుడ్డులోని కొంచెం పచ్చసొన కలపండి. పొడవాటి గాజుసీసాలో ముప్పాతికదాకా నింపి, పైన చెరువు నీరు పోయండి. మూత వదులుగా పెట్టండి. గట్టిగా బిగించకూడదు, లోపల వాయువులు పుడతాయి. ఎండ నేరుగా తగలని వెలుతురులో, వరండాలో పెట్టండి. గదిలో వద్దు, వాసన భరించలేరు. ఆ వాయువు ఒంటికి మంచిది కూడా కాదు, కనుక సీసా దగ్గర ముక్కు పెట్టి చూడకండి. ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోండి. మీ సైన్సు మాస్టారుకు ముందే చెప్పి చేయండి.

మొదటి వారాలలో బురద నల్లబడుతుంది, అంతే. విసుగు పుట్టి పారవేయకండి. నెల, నెలన్నర గడిచేసరికి గాజుకు ఆనుకొని రంగుమచ్చలు తేలుతాయి. తరచుగా కింది భాగంలో ఆకుపచ్చ, దాని పైన ఊదా. సీసాకు ఒకవైపు నల్లకాగితం అంటించి ఉంచితే ఇంకా మంచిది. మచ్చలు ఏ వైపున వచ్చాయి, కాగితం కిందనా, వెలుగు తగిలిన వైపునా? మొదటి మచ్చ కనిపించిన తేదీ, దాని రంగు, అది బురదలో ఎంత లోతున ఉన్నదో సెంటీమీటర్లలో కొలిచి నోట్సులో రాసి పెట్టుకోండి. ఆ సీసాలో ఆక్సిజన్ బుడగలు మాత్రం వెతకకండి. ఎంగెల్‌మాన్ వెతికి చూశాడు కదా!